రెండు కఱ్ఱల నీడలు

వీడియో కాన్ఫరెన్సు అనఁగా మాలోఁ బెక్కుమందికి 2020వ సంవత్సరమే జ్ఞప్తికి వచ్చును. ఆ మార్చిలో పాఠశాలలు మూఁతపడినపుడు మేము చిన్న తరగతులలో నుంటిమి. ఇంటి కొకటే ఫోను. దానికొఱకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు కాచుకొనియుండిరి. అది దొరకినవారికిని మైకు మూసియుంచుమను నాజ్ఞయే. పాఠము మాకు వినఁబడెను గాని మా ప్రశ్న యెవరికిని వినఁబడలేదు. ఫోనే లేనివారి మాట చెప్పనక్కఱలేదు. కావున 2025 మార్చి 21వ తేదీన లక్నోలోని యొక పాఠశాలవారితోఁ దెరమీఁద మాటలాడవలెనని మా గణితోపాధ్యాయులు చెప్పినపుడు మాకంత యుత్సాహము కలుగలేదు.

క్రీస్తునకుఁ బూర్వము మూడవ శతాబ్దమున ఎరటోస్తనీసు అను గ్రీకు పండితుఁడు, సయీనీ పట్టణమున సూర్యుఁడు నడినెత్తికి వచ్చు దినమున అలెగ్జాండ్రియాలో నీడ పడుటను బట్టి భూమి చుట్టుకొలతను గణించెను. ఒక్కవేళ రెండుచోట్ల నుండుట యెవరితరము? మాకుఁ దెర ఆ లోటు దీర్చినది. మా బందరును లక్నోయు నించుమించు ఒకే రేఖాంశముమీఁద నున్నవి గనుక రెండుచోట్లను సూర్యుఁడు ఒకే వేళకు నడిమింటికి వచ్చును. ఆ దినమున నా వేళ 12 గంటల 13 నిమిషములు. ఉభయులమును మీటరు పొడవుగల కఱ్ఱను నిలిపి, ఒకరి నొకరు చూచుచు నీడలు కొలిచితిమి. మా నీడ 28 సెంటీమీటర్లు, వారిది 55. కోణములు కట్టఁగా భేదము 13 డిగ్రీలు. పటములో రెండూళ్ల నడిమి దూరము సుమారు 1,180 కిలోమీటర్లు. ఆ లెక్కన 360 డిగ్రీలకు 32,700 కిలోమీటర్లు మాత్రమే వచ్చెను. పుస్తకములో 40,000 అని యున్నది!

అప్పుడు గలభా మొదలయ్యెను. మీ కొలత తప్పని వారును, మీదే తప్పని మేమును. మాకు హిందీ కొంచెము, వారికిఁ దెలుఁగు సున్న, ఇంగ్లీషు ఇరువురకును తడఁబాటే. ఇంతలో మా తరగతిలో నెన్నఁడును నోరు విప్పని యొక బాలిక తెరయొద్దకుఁ బోయి, వారి కఱ్ఱను వెనుకనున్న గోడ యంచుతోఁ బోల్చి చూచి, "టేఢా హై" అనెను. కఱ్ఱ యొరిగినదని భావము. అక్కడివారు దారమునకు ఱాయి కట్టి వ్రేలాడఁదీసి చూడఁగా నిజముగానే యది ఉత్తరమునకు ఒరిగియుండెను. సరిచేసి కొలువఁగా నీడ 50 సెంటీమీటర్లకు దిగెను. నడిమధ్యాహ్నమునఁ గొన్ని నిమిషములపాటు నీడ పొడవు ఇంచుమించు మాఱదు గనుక వేళ తప్పిపోలేదు. ఈమాఱు భేదము 11 డిగ్రీలు, చుట్టుకొలత 38,600 కిలోమీటర్లు.

తెరమీఁద నుపన్యాసము వినుటకంటెఁ బుస్తకము చదువుకొనుటయే మేలని మా యభిప్రాయము, పెద్దలు క్షమింతురుగాక. ఆ గలభా మాత్రము పుస్తకములో దొరకదు.

మిగిలిన 1,400 కిలోమీటర్లు ఎక్కడఁ బోయినవని యిప్పటికిని తగవులాడుచునే యున్నాము. కోణము అర డిగ్రీ తప్పినను ఫలితము సుమారు 1,800 కిలోమీటర్లు మాఱునని మా ఉపాధ్యాయులు చూపిరి. రాత్రియుఁ బగలును సమముగా నుండు దినము మరల వచ్చినపుడు ఇంకొకమాఱు కొలుతమని లక్నోవారితో మాట యైనది. మా పక్షమున ఱాయి కట్టిన దారమును పట్టుకొనుటకు ఆ బాలికనే నిర్ణయించితిమి.