ఫ్లాపీ డ్రైవ్‌కి శ్రుతి కలిపితే

మీ అటక మీద ఏముందండీ? మా అటక మీద ఏళ్లుగా ఒక పాత కంప్యూటర్ డబ్బా పడి ఉంది. మొన్న బూజు దులుపుతూ కిందికి దించాను. ముందువైపు ఫ్లాపీ పెట్టే సన్నటి సందు కనబడగానే ఆ చప్పుడు చెవిలో మోగింది. గుర్తుందా మీకు? లోపలికి తోయగానే టక్కుమని, ఆ తర్వాత గుర్రు గుర్రుమని. డీటీపీ సెంటర్లో కొట్టించిన వ్యాసాన్ని ఫ్లాపీలో వేయించుకుని, జేబులో భద్రంగా పెట్టుకుని బస్సెక్కి ప్రెస్సుకి వెళ్లిన రోజులవి. అక్కడ ఆ గుర్రు ఆగి ఫైలు తెరుచుకునేదాకా ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని నిలబడేవాణ్ణి.

మనకి అది చప్పుడు. పోలండ్‌లో పావెల్ జద్రోజ్నియాక్ అనే ఆయనకి అందులో స్వరం వినబడింది. 2011లో రెండంటే రెండు ఫ్లాపీ డ్రైవులతో స్టార్ వార్స్ సినిమాలోని కవాతు బాణీ పలికించాడు. 2016కి అవి 64 అయ్యాయి. 2022 నాటికి 512 డ్రైవులు, 16 హార్డ్ డిస్కులు, 4 స్కానర్లు చేరి ఒక గోడంత మేళమైంది. దాని పేరు ఫ్లాపోట్రాన్.

ఎలా పాడతాయో చెప్తాను, భలేగా ఉంటుంది. ఫ్లాపీ డ్రైవ్‌లో అక్షరాలు చదివే ముల్లుని జరిపేది స్టెప్పర్ మోటారు. ఒక్కో సంకేతానికి ఒక్కో అడుగు వేస్తుంది. సెకనుకి ఎన్ని అడుగులు వేయిస్తే అంత స్థాయిలో ధ్వని. 80 అడుగులకి దారి అయిపోతుంది గనక, స్వరం సాగాలంటే ముల్లు వెనక్కీ ముందుకీ తిరుగుతూనే ఉండాలి. గట్టిగా పలకాలంటే ఒకే స్వరానికి ఎక్కువ డ్రైవులు కలుస్తాయి, ఒక్కొక్కటే ఆగుతూ వస్తే మీటిన తీగలా స్వరం సన్నగిల్లుతుంది. హార్డ్ డిస్కులు టకటకా తాళం వేస్తాయి.

నన్ను కదిలించిందేమిటంటే, ఆ మోటారు అడుగు తప్పితే స్వరం నిలవదు. ఏ ఫ్యాక్టరీలోనో ఎవరో వెంట్రుకవాసి తేడా రాకుండా బిగించిన పనితనం అది. మనం పారేసినప్పుడు వాడకం పోయిందే గానీ, ఆ విద్య దానిలోనే ఉండిపోయింది. పాతసామాన్ల బండి దాన్ని తూకం వేసుకుంటుంది. జద్రోజ్నియాక్ దాన్ని శ్రుతి చేశాడు.

ఇలాంటి కళతో చెత్త తరిగిపోతుందని నేననను. ఒక్క 2022లోనే ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది. అందులో సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకి వచ్చింది 22.3 శాతమే. మిగిలినదాంట్లో ఎంతో భాగం పేదవాళ్ల చేతుల్లోకి వెళ్తుంది. రాగి కోసం తీగలు కాల్చి, బంగారం కోసం బోర్డులు యాసిడ్‌లో ముంచి, ఆ పొగ వాళ్లు పీలుస్తున్నారు. ఆ చెత్త కొండ ముందు 512 డ్రైవులు ఏపాటి? కానీ పారేయబోయే చేతిని ఒక్క క్షణం ఆపగలిగితే అది చిన్నపని కాదు.

మా పక్కింటి ఇంజినీరింగ్ కుర్రాడిని పిలిచి మా డ్రైవ్ చూపించాను. చిన్న సర్క్యూట్ బోర్డు తెచ్చి తగిలించాడు. "ఎంతలో పెట్టమంటారు అంకుల్?" అన్నాడు. మన సంగీతంలో షడ్జమానికి ఫలానా స్థాయే అని లేదు కదా, ఎవరి శ్రుతి వాళ్లది. సెకనుకి 120 అడుగులు పెట్టమన్నాను. గుర్రుమంది. అదే స. 180కి పెంచాడు, ప పలికింది. 240కి పై స.

నా వ్యాసాలు ఫ్లాపీలో మోసుకెళ్లిన రోజుల్లో ఇలాంటి డ్రైవులు ఎంత పాడాయో, నాకే వినడం చేతకాలేదు. మీ అటక మీద దేన్నైనా బండికి వేసేముందు, ఒకసారి చెవి పెట్టి చూడండి.