జరిమానా ఎవరి జేబుకు?



హాస్టల్లో గొడవ చేస్తే ఇంత, గోడ దూకితే ఇంత అని జరిమానాల పట్టిక పెట్టాలని విద్యార్థి కమిటీ ఆలోచిస్తోందని విన్నాను. సంచికకు ఏదైనా రాయమన్నారు కనుక, అలాంటి పట్టిక ఒక దేశంలో ఎలా నడిచిందో చూసినంత చెబుతాను.

2015లో నేను పైచదువు కోసం ఇంగ్లండులో ఉన్నాను. అక్కడ చిన్న చిన్న అల్లర్లకు పోలీసులే నోటీసు చేతికిచ్చేవారు. తాగి రోడ్డు మీద గొడవ చేసినా, కేకలతో జనాన్ని బెదరగొట్టినా 90 పౌండ్లు. చెత్త పారేస్తే 60. ఈ ఆలోచనకు పెద్ద కథే ఉంది. అల్లరి చేసేవాణ్ణి ఏటీఎం దగ్గరికి నడిపించి అక్కడికక్కడే 100 పౌండ్లు కట్టించాలని 2000లో అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్ అన్నారు. పోలీసు అధికారులే అది కుదిరే పని కాదన్నారు. చివరికి 2001లో నోటీసు పద్ధతితో చట్టం వచ్చింది. 2002లో కొన్నిచోట్ల పరీక్షించి, 2004లో ఇంగ్లండు, వేల్స్ అంతటా అమలు చేశారు.

ఇందులో మంచి లేకపోలేదు. కోర్టు వాయిదాల చుట్టూ తిరగనక్కర్లేదు. డబ్బు కడితే నేరం ఒప్పుకున్నట్టు కాదు, శిక్ష పడినట్టూ కాదు. నేను చేయలేదు అనేవాడు 21 రోజుల్లోగా కోర్టు విచారణ కోరవచ్చు. రెండూ చేయకపోతే జరిమానా ఒకటిన్నర రెట్లవుతుంది.

కానీ నాతోపాటు హోటల్లో గిన్నెలు కడిగే కుర్రవాడికి ఒక శనివారం రాత్రి 90 పౌండ్ల నోటీసు వచ్చింది. కొట్టుకుంటున్నవాళ్ళను విడదీయడానికే అరిచానన్నాడు. "అయితే విచారణ అడగరా" అన్నాం. "వీసా మీద ఉన్నవాణ్ణి, కోర్టు మెట్లెక్కితే ఏమవుతుందో అన్నా" అని మర్నాడే కట్టేశాడు. అప్పుడు గంటకు కనీస కూలి ఆరున్నర పౌండ్లు. అంటే దాదాపు 14 గంటలు గిన్నెలు కడిగిన కష్టం. అదే వీధిలో ఖరీదైన కారు దిగినవాడికి ఆ 90 పౌండ్లు ఒక పూట భోజనం ఖర్చు. అంకె ఒకటే, బరువు వేరు. విచారణ అడిగే హక్కు కాగితం మీద ఇద్దరికీ ఉంది, అడిగే ధైర్యం మాత్రం ఒకరికే ఉంది.

ఫిన్లండులో 1921 నుంచే ఆదాయాన్ని బట్టి జరిమానా లెక్కగట్టే పద్ధతి ఉంది. మన దేశంలో తాగి బహిరంగంగా అల్లరి చేసినవాడికి 1860 నాటి శిక్షాస్మృతి 24 గంటల జైలు, లేదా 10 రూపాయల వరకు జరిమానా అంది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత దాన్ని 1000 రూపాయలకు పెంచింది, సమాజ సేవ చేయించే వీలు కూడా కల్పించింది.

ఇప్పుడు మన హాస్టల్ సంగతి. ఇక్కడ పిల్లవాడికి జరిమానా వేస్తే కట్టేది పిల్లవాడు కాదు, ఊళ్ళో కూలికి వెళ్ళే అమ్మ. కనుక డబ్బు జరిమానా వద్దే వద్దు. అలాగని బాత్రూములు కడిగించడమూ వద్దు. మన తాతలకు ఆ పనిని పుట్టుకతోనే శిక్షగా అంటగట్టారు. శుభ్రం చేయడం వంతులవారీగా అందరం చేసే పని కావాలి గాని, తప్పు చేసినవాడికి వేసే శిక్ష కాకూడదు.

మరేం చేయాలి? లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేయించండి. చెట్లకు నీళ్ళు పోయించండి. స్టడీ అవర్లో చిన్న తరగతుల పిల్లలకు ఎక్కాలు చెప్పించండి. వార్డెన్ గారి అనుమతితో ఒక రిజిస్టరు పెట్టండి. అందులో తప్పు రాసే గడి పక్కనే "విద్యార్థి చెప్పినది" అని ఇంకో గడి గీయండి. అది నిండనిదే శిక్ష గడి నింపకండి. మాట్లాడటానికి భయపడే పిల్లవాడి పక్కన అతని తరఫున మాట్లాడే ఒక పెద్ద తరగతి అన్నను కూర్చోబెట్టండి.

క్రమశిక్షణ కావాలి తమ్ముళ్ళూ, అది లేకుండా మేమెవరం పైకి రాలేదు. అయితే అడిగి వేసిన శిక్షనే పిల్లవాడు న్యాయమనుకుంటాడు.