మెదక్ చర్చి కిటికీ కింద

మెదక్ చర్చిలో ఆ రంగుల కిటికీలు చూసినప్పుడల్లా, అదంతా అద్దం మీద వేసిన బొమ్మే అనుకునేదాన్ని. కాదు. గాజు కరిగించేటప్పుడే రంగు కలుస్తుంది. నీలం కావాలంటే కోబాల్ట్. ముక్కలు కోసి, ఒక్కొక్కటీ సీసపు పట్టీల్లో బిగిస్తారు. కుంచె పని ముఖాలకీ, బట్టల మడతలకీ. దాన్నీ కొలిమిలో కాల్చి గాజుకు పట్టిస్తారు.

బాగుచేయడం ఇంకా ఓపిక పని. ఇంగ్లండ్‌లో యార్క్ మిన్‌స్టర్ తూర్పు కిటికీని జాన్ థార్న్‌టన్ 1405-08లో, మూడేళ్లలో చేశాడు. దాని 311 పలకలూ విప్పి, పాత మరమ్మతుల సీసం తీసి, పగుళ్లు అతికి మళ్లీ నిలబెట్టడానికి పదేళ్లు పట్టింది! 2018లో పూర్తయింది. ఆ చేతులకు దండం పెట్టాలి.

మెదక్ వెళ్తే పగటిపూటే వెళ్లండి. చీకటి పడ్డాక లోపలి నుంచి ఆ రంగులు కనిపించవు.