చిన్నకారులో అరకు చూసొద్దాం!

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటితే ఘాట్ రోడ్డే. బొర్రా గుహలూ, అనంతగిరి కాఫీ తోటలూ ఊరిస్తాయి. కానీ పాత మారుతీ 800లో నలుగురెక్కి డిక్కీ నింపితే, మలుపు మలుపుకీ కారు ఒరుగుతుంది.

అందుకే బయల్దేరేముందు ఇంటి దగ్గరే కారు నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి ఆగితే సరే. ఊగుతూనే ఉంటే షాకబ్జార్బర్ పోయినట్టే. ఎడమా కుడీ జతగా మార్చాలి. గ్యాస్ రకమైతే ఘాట్‌లో పట్టు త్వరగా సడలదు. అరిగిన రబ్బరు బుష్‌లు మారిస్తే చప్పుళ్లూ తగ్గుతాయి. ఖర్చూ తక్కువే.

స్ప్రింగు విప్పడం మాత్రం మెకానిక్ పని. నొక్కిపట్టిన స్ప్రింగు జారితే ప్రాణాలకే ముప్పు. చివరగా అలైన్‌మెంట్ చేయించండి.

ఇక లోయల అందాలు హాయిగా చూడొచ్చు... డ్రైవరు తప్ప!