ఫోటో: ఇంటర్నెట్

పోయిన సంక్రాంతికి పాములపాడు వెళ్ళినప్పుడు చిన్నమ్మ తన మనవరాలి ఫోను నా చేతికిచ్చింది. "ఇది నేను తీసిందే గదా?" అంది.

చూశాను. ఊడదీసిన ద్వారబంధం పక్కన గడప మీద కూర్చున్న ముసలామె. వెనక కప్పు లేని మొండిగోడలు. కింద ఎవరో 'శ్రీశైలం ముంపు కన్నీళ్ళు' అని రాసుకున్నారు. ఆ కింద చిన్న అక్షరాల్లో 'ఫోటో: ఇంటర్నెట్' అని ఉంది.

"ఇంటర్నెట్ అంటే ఎవురు మే?" అని అడిగింది చిన్నమ్మ. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ ఫోటోను బయటి ప్రపంచంలోకి పంపింది నేనే. చిన్నమ్మ మెట్టినూరు కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం జలాశయం కోసం అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు మునిగాయి. 1981లో ఖాళీ చేయించిన ఊళ్ళలో ఆమెదీ ఒకటి. పరిహారం చిన్నాయన పేరు మీద వచ్చింది. ఆ పొలంలో ఆయనతో సమానంగా నడుం వంచిన చిన్నమ్మ పేరు ఏ కాగితం మీదా లేదు. 2019లో ఒక అంతర్జాల పత్రికకు నేను రాసిన వ్యాసం సరిగ్గా దాని గురించే. కాగితాల్లో కనపడని ఆడవాళ్ళ పేర్ల గురించి. ఆ వ్యాసానికి చిన్నమ్మ తీసిన ఫోటో పెట్టి, కింద 'ముంపు గ్రామం, 1981' అని మాత్రం రాశాను. పైన నా పేరు ఉంది. కింద ఆమె పేరు లేదు.

మర్చిపోయానని చెప్పుకోలేను. అసలు తట్టనే లేదు. ఇంట్లో ఫోటో, ఇంటి మనిషి తీసింది. ఇంట్లో అన్నం తినేటప్పుడు వండిందెవరని ఎవరడుగుతారు?

అప్పట్లో మేనమామ నంద్యాల నుంచి ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా తెచ్చి, కొన్నాళ్ళు వాడి, చెల్లెలికి ఇచ్చేశాడు. రీలుకు పన్నెండు బొమ్మలు. కడిగించడానికి ఆత్మకూరు పోవాలి. డబ్బులు అడిగి తీసుకోవాలి. అందుకే చాలాసేపు చూసిగానీ నొక్కేది కాదట. "గడప ఊడపీకినాక ఆమె ఎక్కడ కూచుంటుందా అని చూస్తా ఉంటి. పోయి పోయి దాని మీదనే కూచునె. అప్పుడు తీస్తి" అంది. ఇన్నేళ్ళుగా ఆ ఫోటోను 'దొరికిన' ఫోటోగానే చూశాను. అందులో ఒక చూపు ఉందనీ, ఎదురుచూపు ఉందనీ నాకు ఆరోజు తెలిసింది.

ఆడవాళ్ళు తీసిన బొమ్మలకు పేరు లేకపోవడం ఇంటర్నెట్‌తో మొదలవలేదు. మన దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టుగా చెప్పుకునే హొమై వ్యారావాలా తొలినాళ్ళలో తీసిన ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. ఆమెకు పద్మవిభూషణ్ వచ్చింది 2011లో, 97 ఏళ్ళ వయసులో. హైదరాబాదులో దీన్ దయాళ్ 1892లో జనానా స్టూడియో పెట్టినప్పుడు, పరదా చాటు స్త్రీలను ఫోటో తీసే పనిని కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. దీన్ దయాళ్ పేరు తెలిసిన మనలో ఎంతమందికి ఆమె పేరు తెలుసు?

చట్టం మాత్రం మనకంటే స్పష్టంగానే ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఫోటోకు కర్త దాన్ని తీసిన మనిషే. హక్కులు అమ్ముకున్నా సరే, ఇది నేను తీశానని చెప్పుకునే హక్కు ఆ మనిషికి ఉంటుందని 57వ సెక్షను చెబుతుంది. స్వేచ్ఛగా వాడుకోమని వికీమీడియా కామన్స్‌లో పెట్టిన ఫోటోల్లో కూడా చాలావాటికి తీసినవారి పేరు వేయాలన్న షరతు ఉంటుంది. పేరు వేసినంత మాత్రాన అనుమతి తీసుకున్నట్టూ కాదు. రెండూ వేరు. ఎవరు తీశారో ఎంత వెతికినా తెలియకపోతే 'తీసినవారు తెలియలేదు' అని రాయొచ్చు. అది నిజం చెప్పడం. 'ఇంటర్నెట్' అని రాస్తే, వెతకలేదని ఒప్పుకోవడం. ఒకరి వాక్యాన్ని కొటేషన్ గుర్తులు లేకుండా వాడితే చౌర్యమని విద్యార్థులకు చెప్పే మనం, సెమినారు కరపత్రానికి ఫోటో కావాల్సి వస్తే మాత్రం గూగుల్లో వెతికి అతికించేస్తాం.

ఇంటికొచ్చాక ఆ ఫోటో కనిపించిన చోట్లకల్లా ఉత్తరాలు రాశాను. ఇద్దరు వెంటనే తీసేశారు. ఒకరు జవాబివ్వలేదు. ఇంకొకరు, మీ బంధువే తీశారనడానికి రుజువేమిటని అడిగారు. కోపం వచ్చింది గానీ అడగడంలో తప్పులేదు. చిన్నమ్మ రేకుపెట్టెలోంచి నెగెటివులు తీసింది. గడప మీది ముసలామె తర్వాతి బొమ్మలో మనుషులెవరూ లేరు. ఖాళీ వాకిలి. సాయంత్రపు ఎండలో నేల మీద పొడుగ్గా ఒక నీడ, నెత్తిన కొంగు, రెండు మోచేతులూ పైకెత్తి. ఆ రీలు మీద ఆమె సంతకం అదొక్కటే.

నా వ్యాసం వేసిన పత్రిక సంపాదకురాలు "పేరు పంపండి, వేస్తాం" అన్నారు. చిన్నమ్మకు ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడలేదు.

"ఏ ఇంటిపేరు రాస్తావు? కెమెరా ఇచ్చింది పుట్టినింటోళ్ళు. మునిగిపోయింది మెట్టినిల్లు" అంది. తర్వాత, "ఆ గడప మీద కూచున్నామె పేరు గూడా రాయాల గదా. వాళ్ళ కొడుకులు యాడుండారో కనుక్కోని అడగాల. నేనూ ఆరోజు ఆమెను అడక్కుండానే తీస్తి" అంది.

నేను అడగని ప్రశ్న ఆమె తనను తాను అడుక్కుంది.

ఇంకా తేల్చుకోలేదు. తొందరపెట్టలేదు నేను. అందాకా పాత వ్యాసంలోంచి ఫోటో తీయించేశాను. ఈ వ్యాసం పక్కన కూడా అది లేకపోవడానికి కారణం అదే.