కొండకోనల నీలిపిట్టలు

పక్షులకు తమ పేర్లతో పనిలేదు. మనం ఏ పేరున పిలిచినా అవి తమ పాట తాము పాడుకొంటాయి. వాటిని కాపాడవలసిన మనకు మాత్రం పేరుతో పని ఉన్నది. ఈ సత్యం నాకు పడమటి కనుమల నీలిపిట్టల వలన బోధపడింది.

ఆ కనుమలలో ఎత్తైన పచ్చికబయళ్ల నడుమ, లోయలలో ఒదిగి ఉండే దట్టమైన అడవులను షోలాలు అంటారు. ఉదకమండలం దగ్గర ఒక షోలా అంచున నేను చాలాసేపు నిలబడ్డాను. పిట్ట కనబడలేదు, పొదల చీకటిలోనుండి సన్నని ఈలపాట మాత్రం వినవచ్చింది. రాలిన ఆకులలో పురుగులను ఏరుకొని బ్రతికే ఆ పక్షికి మరుగే రక్షణ.

నెల్లూరులో వైద్యాధికారిగా కూడా పనిచేసిన జెర్డాన్ పందొమ్మిదవ శతాబ్దంలో నీలగిరుల నీలిపిట్టను శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. తరువాతివారు రూపసామ్యాన్ని బట్టి దానిని హిమాలయాల పొట్టిరెక్కల పిట్టలతో చేర్చారు. పళని కొండల పిట్టనూ దీనినీ చాలాకాలం ఒకే జాతిగా లెక్కించారు.

2017లో శాస్త్రజ్ఞుల బృందమొకటి వీటి డి.ఎన్.ఎ.ను పరిశీలించి, వీటి దగ్గరి చుట్టాలు పొట్టిరెక్కల పిట్టలు కావనీ, ఫ్లైక్యాచర్ పక్షులనీ నిరూపించింది. వీటికోసం 'షోలికోలా' అనే కొత్త ప్రజాతిని ఏర్పరచింది. షోలావాసి అని దాని అర్థం. అందులో జాతులు మూడు. పాలక్కాడు పల్లానికి ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఆనమలై, పళని కొండలలో ఒకటి, సెంగోట్టై పల్లానికి ఆవల మూడవది ఉన్నాయి. చల్లని కొండలకు అలవాటుపడిన పిట్టకు వేడి పల్లం సముద్రమంత అడ్డు. రెక్కలున్నా అది దాటలేదు. లక్షల సంవత్సరాల ఎడబాటు ఒక్క వంశాన్ని మూడు జాతులుగా చేసింది.

బ్రిటిషువారి కాలం నుండి తేయాకు, యూకలిప్టస్ తోటలు షోలాలనూ పచ్చికబయళ్లనూ ఆక్రమిస్తూ వచ్చాయి. అన్నీ ఒకే పక్షి అనుకొన్నంతకాలం, ఒక కొండపై అడవి పోయినా మరొక కొండపై ఆ పక్షి ఉన్నది కదా అని ఊరడిల్లవచ్చు. ఇప్పుడు ఆ ఊరటకు తావులేదు. దక్షిణపు కొసన ఉన్న పిట్ట అక్కడ నశిస్తే లోకంలోనే నశించినట్లు.

వర్గీకరణ పట్టికలను విద్యార్థులు పరీక్షలకోసం వల్లిస్తారు. నాకు అవి ఇంటి ఆస్తిపత్రాలవలె తోస్తాయి. ఏమేమి ఉన్నదో ఎరిగినవాడే ఏది చేజారిపోతున్నదో సకాలంలో గుర్తించగలడు.