వత్తు కుదిరింది

మా అమ్మకు ఒక పాటల పుస్తకం ఉంది. పుస్తకమంటే అచ్చయినది కాదు. ఇంకుపెన్నుతో గుండ్రంగా రాసుకున్న పాత నోటుబుక్కు. నలుగుపాటలు, పెళ్ళిపాటలు, మంగళహారతులు, ఉయ్యాలపాటలు అన్నీ కలిసి నూటపన్నెండు. కొన్ని పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి, కొన్ని మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నవి.

2018 ఎండాకాలంలో అమ్మను కంటి డాక్టరుగారికి చూపించాము. నీటికాసులన్నారు. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని నిలుపుకోవటమే మన పని అనీ చెప్పారు. ఇంటికి వచ్చిన తరువాత అమ్మ ఆ నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించరా. కనిపించినన్నాళ్ళు నేను చూసుకుంటాను. తరువాత పిల్లలు చూసుకుంటారు" అన్నది.

శ్రావణమాసానికి చేతికిస్తానని మాట ఇచ్చాను. కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి, తెలుగు పుస్తకం అచ్చు వేయించటం నాకొక లెక్కా అనుకున్నాను.

నెలరోజులు కూర్చుని పాటలన్నీ నేనే టైపు చేశాను. ఎవరో ఇచ్చిన పేజీలు కట్టే ప్రోగ్రాములోకి ఎక్కించి, మొదటి హారతిని కాగితం మీదికి తీశాను. అమ్మ ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇదేమిట్రా, లక్ష్మీదేవిని మూడు ముక్కలు చేశావు?"

చూద్దును గదా, "లక్ష్మీ" అన్నచోట క పొల్లు, దాని పక్కన ష పొల్లు, ఆ పక్కన మీ! నూటపన్నెండు పాటల్లోనూ వత్తులన్నీ ఇట్లా ఊడి పక్కకు వచ్చి నిలబడ్డాయి.

సంయుక్తాక్షరాల పాఠం ఏటేటా చెబుతూనే ఉన్నాను. కాని కంప్యూటరులో వత్తును అక్షరం కిందికి చేర్చేది ఎవరో నేనెన్నడూ ఆలోచించలేదు. తెలుగుకు 1991లోనే యూనికోడులో స్థానం దొరికింది. అయితే ఆ లెక్కలో "క్ష్మీ" ఒక అక్షరం కాదు. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడిదీర్ఘం, వరుసగా ఆరు గుర్తులు. ఆ ఆరింటినీ ఒక్కటిగా పేర్చే పని వేరొకరు చెయ్యాలి. నా చిన్నతనంలో మా ఊరి ప్రెస్సులో కంపోజిటరుగారు సీసపు వత్తును గడిలోంచి ఏరి అక్షరం పక్కన కుదిర్చేవారు. ఇప్పుడు ఆ కంపోజిటరు పని చేసే ప్రోగ్రాములలో ఒకదాని పేరు హార్ఫ్‌బజ్. పారశీకంలో "హర్ఫ్" అంటే అక్షరం, "బాజ్" అంటే తెరిచినది. నేను వాడిన ప్రోగ్రాములో అటువంటి కంపోజిటరు లేడు.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికి ఫోను చేశాను.

"మామయ్యా, స్క్రైబస్ అని ఉంది. పుస్తకాల పేజీలు కట్టేది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పోయిన ఏడు వచ్చిన 1.5.3 లో హార్ఫ్‌బజ్ చేర్చారు. ఒమాన్ దేశంలో కొందరు తమ అరబ్బీ లిపి కోసం ఆ పనికి పూనుకున్నారు. మన వత్తులూ దానితోపాటు బాగుపడ్డాయి" అన్నాడు.

తయారుగా దొరికిన ప్రతిని దించాను. నా పాత కంప్యూటరులో అది నడవనని మొరాయించింది. "అయితే సోర్సు కోడు తెచ్చి మీరే కట్టుకోండి" అన్నాడు వాడు, ఇల్లు కట్టుకోమన్నంత తేలికగా.

సోర్సు కోడంటే ఏమిటో మా ఆవిడకు ఇట్లా చెప్పాను: బజారులో కొన్న పులిహోర పొట్లం తయారైన ప్రోగ్రాము, పులిహోర కలిపే పద్ధతి, కొలతలు రాసిన కాగితం సోర్సు కోడు. మనుషులు రాసిన ఆ కాగితాన్ని యంత్రానికి తెలిసే భాషలోకి మార్చేది కంపైలరు.

"పులిహోర కలపటం ఎప్పుడు నేర్చుకున్నారు మీరు?" అన్నది ఆవిడ.

వంటకు ముందు సామాన్లు ఉన్నాయో లేవో చూసేదాని పేరు సీమేక్. దాన్ని నడిపితే నాలుగు పంక్తులు సాగి ఆగిపోయింది. చివరి పంక్తి "పని పూర్తికాలేదు, తప్పులున్నవి" అన్నది. ఆ పంక్తిని పదిసార్లు చదివాను. అందులో ఇంకేమీ లేదు.

"చివరి పంక్తి కాదు మామయ్యా, పైకి వెళ్ళి మొదటి తప్పు చదవండి. చివరిది ఏడుపే, కారణం పైన ఉంటుంది" అన్నాడు మేనల్లుడు. పద్యాన్ని మొదటి పాదం నుంచి చదవమని క్లాసులో పిల్లలను కసిరేవాణ్ణి నేను!

పైన చూస్తే హార్ఫ్‌బజ్ దొరకలేదని ఉంది. అది నా కంప్యూటరులో ఉన్నదే. తీరా తేలిందేమంటే, వాడుకునేందుకు ఉన్న సరుకు వేరు, దానితో ఇంకొకటి కట్టేందుకు కావలసిన హెడర్ ఫైళ్ళు వేరు. అందులో ఏయే పనులున్నాయో, వాటిని ఎట్లా పిలవాలో ఆ ఫైళ్ళు చెబుతాయి. అది తెస్తే ఫాంటులను గీసే ఫ్రీటైప్ దగ్గర ఆగింది, అది తెస్తే రంగులు చూసే లిటిల్ సీఎంఎస్ దగ్గర. ఒక్కొక్కదాని వెనకా ఎక్కడెక్కడివాళ్ళో ఏళ్ళ తరబడి చేసిన పని. వాళ్ళలో ఒక్కరూ మా అమ్మను ఎరగరు.

ఆ తరువాతది మేక్. దీన్ని 1976లో బెల్ లాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ తయారుచేశాడు. త్వరగా అవుతుందనే ఆశతో నాలుగు పనులు ఒక్కసారే చెయ్యమన్నాను. పాత యంత్రం మెమొరీ చాలక సగంలో కంపైలరు కూలిపోయింది. రాత్రి పదకొండు గంటలు. మళ్ళీ మొదటినుంచా అని తల పట్టుకున్నాను. కాని మేక్ గొప్పతనం అక్కడే ఉంది. అయిన పనిని అది మళ్ళీ చెయ్యదు, మిగిలినదాన్నే అందుకుంటుంది. ఈసారి ఒక్కొక్కటిగా చెయ్యమని చెప్పి పడుకున్నాను.

తెల్లవారుజామున లేచి చూస్తే నూటికి నూరు అని ఉంది. స్క్రైబస్ తెరిచి, పెద్దన పేరు పెట్టిన ఫాంటు ఎంచుకుని, హారతి అతికించాను. క కింద ష, దానికింద మ, పైన గుడిదీర్ఘం, పీటమీద కూర్చున్నట్టు కుదిరింది లక్ష్మి. అమ్మను నిద్రలేపి చూపించాను.

రెండో శుక్రవారానికి పుస్తకం వచ్చింది. అమ్మ పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది.

"వత్తులు బాగున్నాయి గాని, ఈ మాట ఇట్లా కాదే."

అది నేను దిద్దినది. మా ఊరి మాటను వ్యాకరణానికి తగినట్టు మార్చాను. అమ్మ పాడి చూపించింది. నా మాటతో తాళం తప్పింది. ఇట్లాంటివి తొమ్మిది తేలాయి. అన్నీ అమ్మ చెప్పినట్టే మార్చి మళ్ళీ అచ్చు వేయించాను.

"ఈ పాటలన్నీ ఎవరు రాశారమ్మా?" అని అడిగాను.

"ఎవరో! మా అత్తగారు నాకిచ్చింది. నేను రెండు చరణాలు కలిపాను. మీ అమ్మాయి ఇంకోటి కలుపుకుంటుంది."

స్క్రైబస్‌తో వచ్చే అనుమతి పత్రం జీపీఎల్ చెప్పేదీ దాదాపు ఇదే: తీసుకో, చూడు, మార్చుకో, ఇతరులకు ఇవ్వు, ఇచ్చేటప్పుడు నీకున్న హక్కులన్నీ వాళ్ళకూ ఇవ్వు. 1989లో రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని మొదట రాశాడు. మా నాయనమ్మ దాన్ని చదవలేదు.

2024 జనవరిలో స్క్రైబస్ 1.6.0 వచ్చింది. వత్తులు కలపటం అందులో ఉన్నదే. అందుకోసం నాలాగా రాత్రంతా కాచుకోనక్కరలేదు.

అమ్మకు ఇప్పుడు పెద్ద అక్షరాలూ ఆనటం లేదు. శుక్రవారం సాయంత్రం పుస్తకం మా అమ్మాయి చేతిలో ఉంటుంది. అది పాడుతుంటే, అమ్మ కళ్ళు మూసుకుని తప్పులు దిద్దుతుంది.